సుగుణమ్మ ఇంటికి గ్రామీణత మార్కులు

పల్లెలు పల్లెల్లా కనిపించడం లేదన్న సంగతి మొదట ఒక పెద్దమనిషికి హెలికాప్టర్‌లో తెలిసింది. ఆయన కిందికి చూస్తే ఇంటింటికీ స్లాబు, స్లాబు మీద నల్లని నీళ్ల ట్యాంకు, ట్యాంకు పక్కన డిష్ కనిపించాయి. ఇది ఏ పట్నమని అడిగాడు. పట్నం కాదని, కాసేపట్లో ఆయన ప్రసంగించబోయే పల్లె అదేనని పక్కవాళ్లు చెప్పారు. ప్రసంగం అప్పటికే అచ్చయి ఉంది. అందులో పెంకుటిళ్లు, అరుగుల మీద ముచ్చట్లు, గోధూళి వేళ ఉన్నాయి. అచ్చయిన ప్రసంగాన్ని మార్చడం కంటే పల్లెల్ని మార్చడమే తేలికని అధికారులకు తోచింది. ఏడాది తిరగకుండానే గ్రామీణ స్వరూప సంరక్షణ సంస్థ పుట్టింది.

సంస్థవారు దౌర్జన్యం చేసే మనుషులు కారు. కట్టి ఉన్న ఇళ్ల జోలికి పోలేదు. వాటిలో ఓటర్లు కాపురముంటున్నారు. కొత్తగా కట్టే ఇల్లు మాత్రం పల్లెటూరి ఇల్లులా ఉండి తీరాలన్నారు. ఎంత పల్లెటూరిగా ఉందో కొలవడానికి నూటికి మార్కులు పెట్టారు. యాభై వస్తే ఇల్లు. రాకపోతే ఖాళీ జాగా.

ఆ జిల్లాలో వాళ్లకు అందిన మొదటి దరఖాస్తు తంగెడుమడుగు సుగుణమ్మది.

సుగుణమ్మ ఆ చుట్టుపక్కల ఊళ్లకు నర్సుగా పనిచేసి రిటైరైంది. టీకాల డబ్బా భుజానికి తగిలించుకుని పొలం గట్ల మీద నడిచీ నడిచీ మోకాళ్లు అరగదీసుకుంది. ఇప్పుడు చదునుగా ఉన్న నేల మీద ఎంత దూరమైనా మెల్లగా నడుస్తుంది గానీ, జానెడు మెట్టు ఎదురైతే నిలబడిపోతుంది. ఆమె భర్త భూమేశ్వర్ బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. ఇన్నాళ్లూ ఉన్నవన్నీ అద్దె ఇళ్లే. ప్రతి ఇంటికీ మెట్లే. తంగెడుమడుగు ఊరి చివర జొన్నచేల పక్కన కొంత జాగా కొనుక్కున్నాక సుగుణమ్మ తన ఇంటిని తానే గీసుకుంది. వాకిలి నేల, ఇంటి నేల ఒకే మట్టంలో ఉండాలి. ఎక్కడా గడప ఉండకూడదు. తలుపులు వెడల్పుగా ఉండాలి. వంటగట్టు స్టూలు మీద కూర్చుంటే అందాలి. స్నానాలగదిలో గోడకు పట్టుకునే కడ్డీ కావాలి. పడకగది కిటికీ జొన్నచేను వైపు ఉండాలి. భూమేశ్వర్ కోరింది ఒక్కటే: కదలని కిటికీ పక్కన కూర్చోవాలని.

సంస్థ ఆఫీసు జిల్లా కేంద్రంలో మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయదు. సుగుణమ్మ రెయిలింగు పట్టుకుని, మలుపు మలుపుకూ కూర్చుంటూ పైకి చేరేసరికి స్వరూపాధికారి ప్రద్యుమ్నరావు భోజనం ముగించి చేయి కడుక్కుంటున్నాడు. ఆయన పుట్టి పెరిగింది పట్నంలోనే అయినా పల్లె మీద పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్నాడు. సుగుణమ్మ నక్షాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అమ్మా, దీనియందు సౌకర్యము కలదు. గ్రామీణత లేదు" అన్నాడు.

"ఎన్ని మార్కులొచ్చినయి సార్?"

"పన్నెండు."

"అవి దేనికి?"

"దరఖాస్తు తెలుగులో వ్రాసినందుకు."

భూమేశ్వర్ ఏదో అనబోతే సుగుణమ్మ చేయి నొక్కింది. ప్రద్యుమ్నరావు ఎర్ర పెన్సిలుతో నక్షా మీద గీస్తూ పోయాడు. పెంకులు లేవు. అరుగు లేదు. మరుగుదొడ్డి ఇంటిలోపలే ఉన్నది. అది పెరటిలో, ఇంటికి వీలైనంత దూరముగా ఉండవలెను. అన్నిటికంటే ఘోరమైనది ఒకటున్నది.

"గడప లేదు. గడప లేని గృహము గ్రామీణ గృహ నిర్వచనములోనికి రాదు. గడప మన సంస్కృతికి మొదటి మెట్టు."

"ఆ మొదటి మెట్టే నాతోని ఎక్కుడైతలేదు సార్" అని సుగుణమ్మ డాక్టరు రాసిచ్చిన కాగితం తీసింది.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. "గ్రామీణ స్త్రీకి మోకాళ్ల నొప్పి కలదని మా అధ్యయనములో ఎచ్చటను లేదు."

"ఊర్లె ఆడోళ్లందరికి మోకాళ్లకు గోలీలిచ్చింది నేనే సార్."

"అది వైద్య శాఖ సమాచారము. స్వరూప శాఖకు సంబంధము లేదు."

భూమేశ్వర్ ఇక ఆగలేకపోయాడు. "ఊర్లె ఒక్క ఇంటికి కూడ పెంకులు లేవు సార్. సర్పంచ్ ఇల్లు మూడంతస్తులు. ముందట మొత్తం అద్దాలు. పొద్దు ఎక్కితే రోడ్డు మీద బండ్లోళ్లకు కండ్లు చెదురుతయి."

"అవి పూర్వస్థితి గృహములు" అన్నాడు ప్రద్యుమ్నరావు ఓపికగా. "మీరు కొత్తగా కట్టుచున్నారు. కావున పాతగా కట్టవలెను."

అందులో తర్కం ఉంది. తర్కం ఉన్న మాటకు జవాబుండదు. ఇద్దరూ కిందికి దిగి వచ్చారు. దిగడం సుగుణమ్మకు ఎక్కడం కంటే కష్టం.

*

ఇల్లు కట్టే పని మేస్త్రీ కిష్టయ్య తీసుకున్నాడు. సర్పంచ్ లింగవ్వ అద్దాల మేడ కట్టింది అతనే. మట్టి గోడలు కావాలనేసరికి తల గోక్కున్నాడు.

"మట్టి గోడ పెట్టుడు మా తాతకొచ్చు సిస్టరమ్మా. మా నాయనకే రాదు. నాకేడ వస్తది? ఫోన్ల చూసి నేర్చుకుంట గని, వానకు కూలితే నన్ననొద్దు."

సంగతి ప్రద్యుమ్నరావుకు నివేదించారు. ఆయన నిబంధనలు తిరగేసి ఊరట కలిగించాడు. గోడ మట్టిదై ఉండవలెనని ఎక్కడా లేదు. మట్టి గోడగా కనిపించవలెనని మాత్రమే ఉన్నది. అందుచేత కిష్టయ్య సిమెంటు ఇటుకతో కట్టి, సిమెంటుతో పూసి, పైన మట్టిరంగు వేశాడు. పైకప్పు స్లాబే. దాని మీద పెంకులు అతికించాడు. కరెంటు స్తంభంలాంటి సిమెంటు స్తంభాలకు కర్ర నారలు వచ్చేలా రంగు కొట్టించాడు. దూరం నుంచి చూస్తే ఇల్లు పెళ్లి మండపంలా, దగ్గరికొస్తే హోటల్‌లా ఉంది.

ప్రద్యుమ్నరావు మధ్యలో ఒకసారి వచ్చి గోడను వేలితో తట్టి చూశాడు. సంతృప్తి చెందాడు గానీ, పూర్తిగా కాదు.

"బీటలు లేవు" అన్నాడు.

"ఎందుకుంటయి సార్?" అన్నాడు కిష్టయ్య, మెచ్చుకుంటున్నాడనుకుని. "నా చేతి గోడ మీద ఇప్పటిదాక ఎంట్రుకంత గీత రాలే."

"అదియే లోపము. బీటలకు అయిదు మార్కులు కలవు."

ఆయన వెళ్లాక కిష్టయ్య చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. "బీట రాకుంట కట్టుడు నేర్చుకునేటందుకు ఎన్ని తిట్లు తిన్ననో" అన్నాడు చివరికి. "ఇగ ఇప్పుడు గీయాలెనట." సన్న బ్రష్షు తీసుకుని నల్లరంగులో ముంచి, దర్వాజ మూల నుంచి పైకి ఒక బీట గీశాడు. గీస్తున్నప్పుడు ఊరివాళ్లెవరూ చూడకుండా గోనెపట్టా అడ్డం కట్టుకున్నాడు.

మెట్లు మూడు వచ్చాయి. మెట్ల పైన అరుగు. అరుగు దాటితే గడప. మామూలు గడప కాదు. పసుపు రాస్తే ఫోటోలో కనిపించేంత ఎత్తైనది. గృహప్రవేశం నాడు సుగుణమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి భూమేశ్వర్, కిష్టయ్య చెరోవైపు పట్టుకుని లోపలికి మోశారు. కుడికాలు ముందు పెట్టమని ఎవరో గుర్తుచేశారు. అప్పటికి ఆమె రెండు కాళ్లూ గాలిలో ఉన్నాయి.

అద్దె ఇల్లు ఖాళీ చేసేశారు కాబట్టి అక్కడే ఉండిపోయారు. యాభై మార్కుల పత్రం చేతికి వస్తే తప్ప కరెంటు మీటరు రాదు. లింగవ్వ తన ఇంటి నుంచి వైరు లాగించి ఒక బల్బు వెలిగేలా చేసింది. సుగుణమ్మ లోపలికైతే వచ్చింది గానీ, బయటికి వెళ్లలేకపోయింది. మరుగుదొడ్డి పెరటి చివర ఉంది. ప్రతిసారీ భూమేశ్వర్ ఒక చేయి, గోడ ఒక చేయి. జొన్నచేను వైపు కిటికీ పెట్టనివ్వలేదు. పల్లె ఇళ్లకు కిటికీలు చిన్నవిగా ఉండాలట. మంచం మీద పడుకుంటే ఆమెకు కనిపించేది మట్టిరంగు గోడ. నాలుగో రోజు తెల్లవారుజామున భర్తను లేపడమెందుకని తానే గడప దాటబోయి అరుగు మీద పడింది. మణికట్టు వాచిపోయింది. కట్టు తానే కట్టుకుంది.  

"అమ్మేద్దామా?" అన్నాడు భూమేశ్వర్ సాయంత్రం.

"దీన్ని ఎవరు కొంటరయ్యా" అంది ఆమె. "నాటకాలోళ్లు కొనాలె."

*

తుది తనిఖీకి ప్రద్యుమ్నరావు ఫోటోగ్రాఫరుతో సహా వచ్చాడు. ఇంటి చుట్టూ తిరిగాడు. బీటను మెచ్చుకున్నాడు. అన్నీ కూడి నలభై అయిదు ఇచ్చాడు.

"ఇంక అయిదు దేనికి తక్కువైనయి సార్?" అని లింగవ్వ అడిగింది. సర్పంచ్ కాబట్టి ఆమెను కూడా పిలిచారు.

"గృహము గ్రామీణముగా ఉన్నది. ముంగిలి అట్లు లేదు. గోవు కట్టివేయబడి ఉండవలెను."

తంగెడుమడుగులో ఆవు లేదు. ఊరందరూ తాగేది ప్యాకెట్ పాలు. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు పోయాయి, ఎడ్ల వెంట ఆవులూ పోయాయి. లింగవ్వకు ఒక బర్రె మాత్రం ఉంది.

"నా బర్రెను కట్టేస్త. పూటకు ఆరు లీటర్లిస్తది" అంది.

"బర్రె పనికిరాదు."

"బర్రె ఊరిది కాదా సార్?"

"వృత్తిరీత్యా గ్రామీణమే. స్వరూపరీత్యా కాదు. ఛాయాచిత్రములో నల్లని మచ్చగా పడును."

లింగవ్వ ఆ మాట తన బర్రెకు చెప్పకూడదని అక్కడే నిశ్చయించుకుంది. పక్క మండలంలో ఉన్న చెల్లెలి ఇంటి నుంచి ఒక తెల్లావును ట్రాలీ ఆటోలో తెప్పించింది. ప్రద్యుమ్నరావు మళ్లీ వచ్చాడు. ఆవును చూశాడు. అయిదు మార్కులు వేయబోయి పెన్ను ఆపాడు.

"గోవునకు కొట్టమేది?"

"కొట్టం కూడ కావాలెనా సార్?" అన్నాడు భూమేశ్వర్ నీరసంగా.

"పశు సౌఖ్య నియమావళి యున్నది. అది మా సంస్థది కాదు. అయినను మేము గౌరవింతుము." సంచిలోంచి చిన్న పుస్తకం తీసి బిగ్గరగా చదివాడు. "పశువుల కొట్టము యొక్క నేల వెలుపలి నేలతో సమముగా ఉండవలెను. మెట్లు గాని గడప గాని ఉండరాదు. ఉన్నచో పశువుల మోకాళ్లు దెబ్బతినును."

అరుగు మీద కుర్చీలో కూర్చున్న సుగుణమ్మ తల తిప్పింది.

"మళ్లొకసారి చదువుండ్రి సార్."

ఆయన చదివాడు. శ్రోతలు కోరి వినడం ఆయనకు కొత్త. గొంతు ఇంకాస్త పెంచి ముందుకు సాగాడు. పశువు తిరుగుటకు వీలుగా ద్వారము విశాలముగా ఉండవలెను. నేల జారరాదు. పైరు వైపు పెద్ద గవాక్షము ఉండవలెను. పచ్చదనము పశువు మనస్సునకు శాంతినిచ్చును. పశువులను కడుగుటకు కొట్టములోనే కుళాయి గల స్థలము ఉండి తీరవలెను.

"మోకాళ్ల ముచ్చట ఏ వయసు ఆవుకు సార్?"

"వయోభేదము లేదు."

"కొట్టం ఎంత పెద్దగ కట్టుకోవచ్చు?"

"పశుసంపదకు పరిమితి విధించుట ప్రభుత్వ విధానము కాదు."

"పొయ్యి?"

"దాణా ఉడికించుటకు వసతి ఉండవచ్చును."

సుగుణమ్మ నర్సుగా ఇలాంటివి అడిగీ అడిగీ సిగ్గుపోయినదానిలా అడిగింది. "దొడ్డికి?"

"మలమూత్ర నిర్వహణలో ఆధునిక పద్ధతులు ప్రోత్సహింపబడును" అని చదివి ప్రద్యుమ్నరావు పుస్తకం మూశాడు.

ఆ సాయంత్రం సుగుణమ్మ పాత నక్షా తీయించింది. ఎర్ర పెన్సిలు గీతలు రబ్బరుతో చెరిపింది. వంటగది అని ఉన్నచోట దాణా గది అని రాసింది. స్నానాలగదిని పశువులను కడిగే స్థలం చేసింది. పడకగది అన్నదాన్ని మాత్రం మార్చాల్సిన పని లేకపోయింది, పశువులూ పడుకుంటాయి. మర్నాడు భూమేశ్వర్ దాన్ని తీసుకుని పశుసంవర్ధక శాఖకు వెళ్లాడు. వాళ్ల ఆఫీసు కింది అంతస్తులోనే ఉంది. వారం తిరగకుండా అనుమతి వచ్చింది. దానితోపాటు ఒక ప్రశంస కూడా: పశువుల పట్ల ఇంత శ్రద్ధ కనబరచిన దరఖాస్తు ఇంతవరకు రాలేదని.

కిష్టయ్య ఆ కొట్టాన్ని నెలల తరబడి ఆకలితో ఉన్నవాడు అన్నం తిన్నట్టు కట్టాడు. గోడకు అరచేయి ఆనించి నిమిరేవాడు. ఎక్కడా గీత లేదు. కొట్టం లేచాక ఇంటికి ఆగిన అయిదు మార్కులూ పడి యాభై పూర్తయ్యాయి. కొట్టానికైతే కరెంటు వెంటనే వచ్చింది. కొత్త ఇంటికి సామాను ఎడ్లబండి మీదే రావాలని ప్రద్యుమ్నరావు పెట్టిన నియమం కొట్టాలకు వర్తించదు కనుక, ఎడ్లు దొరక్క లింగవ్వ ఇంట్లో ఆగిపోయిన సామాను ట్రాలీ ఆటోలో ఒకే దెబ్బకు వచ్చేసింది.

సుగుణమ్మ ఎవరి చేయీ పట్టుకోకుండా లోపలికి నడిచింది. దాణా గదిలో టీ పెట్టింది. గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. మళ్లీ లోపలికి వెళ్లింది. మళ్లీ వచ్చింది. భూమేశ్వర్ కిటికీ పక్కన కూర్చుని చూస్తున్నాడు.

"ఏమైంది సుగుణా, అట్ల తిరుగుతున్నవ్?"

"ఏం లేదు. ఊకెనే" అంది.

*

వానలు మొదలయ్యాక ఆవు సంగతి బయటపడింది. ఇంటి ముందు కట్టేసి ఉండాలన్నది నియమం. తడుస్తూ ఎంతసేపని ఉంటుంది? తలుగు తెంపుకుని మూడు మెట్లూ ఎక్కింది. గడపను ఏ ఇబ్బందీ లేకుండా దాటింది. మట్టిరంగు హాలు మధ్యలో పడుకుని నెమరు వేయసాగింది. ఎవరూ లేపలేదు.

సంస్థ ఏటా ఇచ్చే ఉత్తమ గ్రామీణ గృహ బహుమతికి ఫోటో తీయించడానికి వచ్చిన ప్రద్యుమ్నరావుకు ఇంట్లో ఆవు, కొట్టంలో మనుషులు కనిపించారు. కొద్దిసేపు ఏ నియమం కిందికి వస్తుందో తేల్చుకోలేక గొడుగు కింద నిలబడిపోయాడు. తరువాత తేలింది. గృహాంతర్భాగంలో గోవు ఉండటం ఇంతవరకు ఏ గ్రామంలోనూ కానరాని గ్రామీణత. ఇంటికి ఇంకా పది మార్కులు కలిపి రాష్ట్రస్థాయి బహుమతికి పంపాడు. కొట్టం తన పరిధి కాదు. అందులో ఉన్నవారిని పశుగణనలో చేర్చవలసిందిగా సంబంధిత శాఖకు లేఖ రాశాడు.

పశువుల డాక్టరు రేష్మ మోటారు సైకిలు మీద వచ్చింది. చిన్న వయసు. ఐస్‌బాక్సు కింద పెట్టి తలవంచుకుని నిలబడింది.

"అమ్మా, తప్పు పట్టుకోవద్దు. ఇద్దరికీ ట్యాగులు వేసి రమ్మని ఆర్డరొచ్చింది."

"కూసో బిడ్డా. చాయ్ తాగినంక చూద్దాం" అంది సుగుణమ్మ. "ఆర్డరుల తోటి బతికినదాన్నే. నీ తప్పేమున్నది."

రేష్మ టీ తాగింది. చెవులకు వేయకుండా రెండు పసుపు ట్యాగులూ బల్ల మీద పెట్టింది. పళ్లు చూసి వయసు రాయాలని ఉంటే భూమేశ్వర్ కట్టుడు పళ్లు తీసి చేతికిచ్చాడు. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లి నవ్వి వచ్చింది. వెళ్లేటప్పుడు ఏ జబ్బూ లేదని, నడక బాగుందని రాసి వెళ్లింది.

ఆ తరువాత మధ్యాహ్నాలు కొట్టానికి మనుషులు రావడం మొదలైంది. మొదట లింగవ్వ అత్త వచ్చింది. కోడలి ఇంటి పాలరాతి మెట్ల మీద రెండుసార్లు జారిన ముసలామె. కొట్టంలో చల్లగా కూర్చుని, "నాకు గూడ ఇసొంటిది కట్టియ్యే" అని కోడలిని అడిగింది. లింగవ్వ కట్టించింది. ఊళ్లో ఇంకొందరు కట్టించారు. తరువాత పక్క ఊళ్లవాళ్లు. ఇళ్లకు దరఖాస్తులు ఆగిపోయాయి. ఆ ఏటి నివేదికలో జిల్లాలో పశుసంపద అనూహ్యంగా పెరిగిందని, ఇది సంస్థ కృషి ఫలితమేనని రాశారు. పెద్దమనిషి ప్రసంగంలో ఆ వాక్యం కూడా చేర్చారు.

ప్రద్యుమ్నరావు పదవీ విరమణ చేశాడు. చేసి, తంగెడుమడుగు పొలిమేరలోనే ఒక ఇల్లు కట్టాడు. నియమాలు రాసినవాడు గనుక నూటికి నూరు వచ్చాయి. బీటలు కూడా నిజమైనవే. అందరూ వచ్చి చూశారు. చివరికి ఆయన భార్య పట్నం నుంచి వచ్చి చూసింది. ఇల్లంతా తిరిగి, పెరటి చివరిదాకా నడిచి వెళ్లి అదీ చూసి, దించిన పెట్టెను మళ్లీ కారులో పెట్టించుకుని అక్కగారి ఇంటికి వెళ్లిపోయింది.

మరో వారానికి ఒక మధ్యాహ్నం ఆయన సుగుణమ్మ వాకిట్లోకి వచ్చాడు. ద్వారం దగ్గర అలవాటు కొద్దీ కాలు ఎత్తాడు. దాటడానికి ఏమీ లేక ఎత్తిన కాలు మెల్లగా దించాడు.

"రాండ్రి సార్, కూసోండ్రి" అంది సుగుణమ్మ.

ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎదురుగా జొన్న గాలికి ఊగుతోంది. చాలాసేపు దానినే చూశాడు.

"అమ్మా" అన్నాడు చివరికి. "నాకునూ ఒక కొట్టము కావలెను. దరఖాస్తు ఎట్లు వ్రాయవలెనో..." వాక్యం పూర్తి చేయలేకపోయాడు. ఆయన జీవితంలో అది మొదటిసారి.

సుగుణమ్మ కళ్లద్దాలు పెట్టుకుని కాగితం ముందుకు లాక్కుంది.

"పశువు ఏ రకమో ముందుగాల రాయాలె సార్. పాలిచ్చేదా, దున్నేదా?"

ప్రద్యుమ్నరావు ఆలోచించాడు. ఆయన నిజాయితీపరుడు. "రెండింటికిని పనికిరానిది అని వ్రాయవచ్చునా?"

"అట్ల రాస్తే గోశాలకు తోలుకపోతరు సార్" అని సుగుణమ్మ మెల్లగా చెప్పి, దున్నేది అన్నచోట టిక్కు పెట్టింది.